ఫోటో అంచున నిలబడ్డవాళ్ళు: ఇంటి స్కానరుతో పాత ఫోటోలు ఎక్కించడం గురించి

(విశాఖపట్నంలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకు ముందు మాట్లాడిన పెద్దలు భూమి గురించి, భాష గురించి, ఉద్యోగాల గురించి చెప్పారు. నాకు కమిటీ వాళ్ళు అప్పగించిన విషయం వాటి పక్కన చాలా చిన్నదిగా కనబడుతుంది. ఈ-సావనీరు కోసం మీ ఇళ్ళలో ఉన్న పాత ఫోటోలు స్కాన్ చేసి పంపమన్నాం. చాలామంది పంపారు, సంతోషం. కానీ వచ్చినవాటిలో ఎక్కువ రెండు రకాలుగా ఉన్నాయి. ఒకటి, పెద్ద తెల్లకాగితం, దాని మూల అగ్గిపెట్టె అంత ఫోటో. రెండోది, ఫోటో నిండుగానే ఉంటుంది గానీ చుట్టూ కత్తిరించి ఉంటుంది: తల మీద జుట్టు ఉండదు, కాళ్ళు ఉండవు, పక్కన నిలబడ్డ మనిషికి సగం భుజమే ఉంటుంది. పంపినవాళ్ళను అడిగితే, "మేమేం కొయ్యలేదు సార్, మిషనే అలా ఇచ్చింది" అన్నారు. వాళ్ళు చెప్పింది నిజమే, మిషనే ఇచ్చింది. అది అలా ఎందుకు చేస్తుంది, దాన్ని ఎలా ఆపాలి అన్నదే ఈ పూట నా పని.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్రాయింగు కార్యాలయంలో చేశాను. అక్కడ షీటుకు చుట్టూ గీత ఉంటుంది, కుడివైపు కింద మూలలో టైటిల్ బ్లాకు ఉంటుంది. ఏ భాగం, ఏ స్కేలు, ఎవరు గీశారు, ఎవరు సరిచూశారు, ఏ తేదీ, అన్నీ ఆ మూలలోనే. షీటు ఎంత చిరిగినా ఆ మూల మాత్రం ఎవరూ పోనివ్వరు. ఆ అలవాటు వల్లనేమో, ఫోటో చేతికి వస్తే నేను ముందు అంచులు చూస్తాను.

ఒక ఫోటో సంగతి చెప్తాను. పేర్లు వద్దు, ఆ కుటుంబం వాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఊళ్ళో ఇటుకల పండుగ నాడు తీసిన థింసా ఫోటో. పదిమంది ఆడవాళ్ళు చేతులు వెనక్కి పెనవేసుకుని వరసగా ఉన్నారు. మనవడు ఇక్కడ గాజువాకలో ఇంట్లో స్కాన్ చేసి పంపాడు. బాగుందని పేజీలో పెట్టేశారు. ఆ నమూనా పేజీ చూసి వాళ్ళ మేనత్త ఊరి నుంచి ఫోన్ చేసింది. "అందరూ ఉన్నారు, మా అమ్మ ఏదిరా?" అని. అసలు ఫోటో తెప్పించి చూస్తే వరస చివర ఆవిడ ఉంది. తెల్ల చీర, వెనక మంచు పట్టిన కొండ, ఫోటో ఆ వైపు బాగా వెలిసిపోయింది. ఆవిడ పక్కనే తుడుము వాయించే ఆయన కూడా ఉన్నాడు, సగం. ఇద్దరినీ స్కానరు ఖాళీ కాగితం కింద లెక్కకట్టి వదిలేసింది. ఆ తల్లికి ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క ఫోటోనే.

ఎందుకలా జరిగిందో చెప్తాను. స్కానరు మూత లోపలివైపు తెల్లగా ఉంటుంది కదా. మీరు ప్రివ్యూ నొక్కగానే మిషను అద్దం మొత్తాన్ని తక్కువ నాణ్యతలో ఒకసారి చూసుకుంటుంది. ఆ తర్వాత సాఫ్ట్‌వేరు, మూత తెలుపు ఎక్కడ ఆగింది, వేరే రంగు ఎక్కడ మొదలైంది అని వెతుకుతుంది. ఆ తేడా కనబడ్డ చోట గీత గీసి, ఇదే ఫోటో అనుకుంటుంది. దీన్నే ఆటో క్రాప్ అంటారు. కొత్త కలర్ ఫోటోకు ఇది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే రంగు అంచుదాకా ఉంటుంది. మన ఇళ్ళలో ఫోటోలు అలాంటివి కావు. పాత నలుపు తెలుపు ఫోటోలకు చుట్టూ తెల్ల అంచు ఉంటుంది. కొన్నిటికి ఆ అంచు పళ్ళు పళ్ళుగా కత్తిరించి ఉంటుంది, మీరు చూసే ఉంటారు. ఆ తెలుపూ మూత తెలుపూ మిషను కంటికి ఒకటే. అంచు దాటి లోపలికి వచ్చి, నల్లగా ఉన్నది ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది. ఇక మన కొండల మీద తీసిన ఫోటోలో ఆకాశం తెలుపు, మంచు తెలుపు, మగవాళ్ళ పంచె తెలుపు, ముసలమ్మల చీర తెలుపు. అంటే మిషను కొయ్యడానికి కావలసినవన్నీ మనమే ఇచ్చినట్టు.

దీనికి మందు చాలా చవక. పిల్లల పుస్తకాల షాపులో నల్ల చార్టు ఒకటి కొనండి. ఫోటోను అద్దం మీద బోర్లా పెట్టి, దాని మీద ఈ నల్ల కాగితం పరిచి, అప్పుడు మూత వెయ్యండి. ఇప్పుడు తెల్ల అంచు నలుపు మధ్యలో స్పష్టంగా కనబడుతుంది, మిషను సరైన చోట గీత గీస్తుంది. ఇంకో లాభం, పల్చటి కాగితం మీద వేసిన ఫోటోల వెనక ఏదైనా రాసి ఉంటే, తెల్ల మూత ఉన్నప్పుడు ఆ అక్షరాల నీడ ముందువైపుకు వస్తుంది. నలుపు పెడితే అది బాగా తగ్గుతుంది.

ఫోటోను అద్దం మూలకు ఆనించి పెట్టకండి. జెరాక్సు అలవాటుతో అందరం అలాగే పెడతాం. చాలా స్కానర్లు అద్దం అంచున కొన్ని మిల్లీమీటర్లు చదవవు. అక్కడ పడ్డది పోయినట్టే. రెండు వేళ్ళ వెడల్పు వదిలి పెట్టండి. ఒకేసారి నాలుగు ఫోటోలు పెడితే వాటి మధ్య కూడా అంత ఎడం ఉండాలి, లేకపోతే రెండింటినీ కలిపి ఒక ఫోటో చేసేస్తుంది. స్కేలు ఒకటి ఆనించి తిన్నగా పెట్టండి. వంకరగా పెడితే కొన్ని మిషన్లు తామే తిప్పి సరిచేస్తాయి, ఆ తిప్పడంలో మూలలు తెగుతాయి. ఫోటో స్టూడియో ముద్ర ఉండేది ఎక్కడంటే, ఆ మూలలోనే.

నల్ల కాగితంతో కూడా మాట వినకపోతే, ఆటో క్రాప్‌ను పూర్తిగా మానుకోవడమే మేలు. ఎప్సన్ వాళ్ళ పాత ప్రోగ్రాములో ప్రివ్యూ రెండు రకాలు ఉంటుంది, థంబ్‌నెయిల్ అని, నార్మల్ అని. థంబ్‌నెయిల్ పెడితే అదే కత్తిరించి చూపిస్తుంది. నార్మల్ పెడితే అద్దం మొత్తం చూపిస్తుంది, గీత మనం గీసుకోవచ్చు. కేనన్ వాళ్ళ స్కాన్‌గేర్‌లో రెండోదాన్ని హోల్ ఇమేజ్ అంటారు. విండోస్‌లో ఉన్న మామూలు ఫ్యాక్స్ అండ్ స్కాన్ వాడేవాళ్ళు ప్రివ్యూ నొక్కి, నాలుగు మూలల్లో ఉన్న చుక్కలను మౌసుతో పట్టి లాగాలి. ఏ కంపెనీదైనా సరే, మీరు వెతకాల్సింది ఒక్కటే: ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చదవాలో నేను చెప్పుకునే వీలు ఎక్కడుంది అని. అది దొరికాక ఫోటోను మిల్లీమీటర్ల స్కేలుతో కొలవండి. పొడవుకు, వెడల్పుకు చెరో 10 మిల్లీమీటర్లు కలిపి, ఫోటో ఆ గీత మధ్యలో ఉండేలా పెట్టండి. ఫోటో చుట్టూ 5 మిల్లీమీటర్ల నల్ల కాగితం కనబడాలి. అలా కనబడితే, ఏమీ తెగలేదని చూసినవాళ్ళకు కూడా తెలుస్తుంది. మ్యూజియాల్లో, గ్రంథాలయాల్లో పాత ప్రతులను ఎక్కించేవాళ్ళు కూడా ఇలా చుట్టూ కొంచెం వదిలే చేస్తారు.

మొదట చెప్పిన అగ్గిపెట్టె ఫోటో సంగతి. అక్కడ మిషను తప్పేమీ లేదు, అది డాక్యుమెంట్ అన్న అమరికలో ఉంది. ఏ4 కాగితం పెట్టారనుకుని కాగితమంతా ఇచ్చింది, పైగా పీడీఎఫ్ చేసింది. ఫోటో అన్న అమరికకు మార్చి, పైన చెప్పిన కొలత పెడితే సరిపోతుంది.

ఇప్పుడు డీపీఐ. ఈ మాటకు భయపడకండి. అంగుళానికి ఎన్ని చుక్కలు చదవాలి అన్న లెక్క, అంతే. అచ్చులో చక్కగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలని ప్రింటింగువాళ్ళు అంటారు. 3 అంగుళాలు, 4 అంగుళాలు ఉన్న ఫోటోను 600 పెట్టి స్కాన్ చేస్తే 1800, 2400 చుక్కలు వస్తాయి. వాటిని 300 చొప్పున పరిస్తే 6 అంగుళాలు, 8 అంగుళాలు. అంటే రెట్టింపు సైజులో గోడకు పెట్టుకోవచ్చు. గుర్తింపు కార్డుకు తీయించిన 35, 45 మిల్లీమీటర్ల చిన్న ఫోటో ఉందనుకోండి, అదే మిగిలిందనుకోండి, 1200 పెట్టండి. సుమారు 1650, 2125 చుక్కలు వస్తాయి, అది 5 అంగుళాలు, 7 అంగుళాలకు సరిపోతుంది. అంతకంటే పెంచితే ముఖం స్పష్టం కాదు, కాగితం గరుకుతనం స్పష్టమవుతుంది. అద్దం మొత్తాన్ని 600లో రంగుల్లో చదివిస్తే ఒక్కో ఫైలు 100 మెగాబైట్లు దాటుతుంది, అందుకే ముందు కొలత పెట్టుకోమంటున్నాను. నలుపు తెలుపు ఫోటోనైనా రంగుల్లోనే చదివించండి. దాని మీద ఊదారంగు ముద్ర ఉంటుంది, పెన్సిలు గీత ఉంటుంది, అవి వేరుగా కనబడాలి.

సైజు అన్నాక ఇంకో చిక్కు ఉంది. చాలా ఇళ్ళలో చతురస్రం ఫోటోలు ఉన్నాయి. మనదేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక రీలుకు 12 ఫోటోలు, ఒక్కోటి 6 సెంటీమీటర్లకు 6 సెంటీమీటర్లు. దాన్ని ఇప్పుడు ల్యాబుకు ఇచ్చి 4, 6 సైజు వెయ్యమంటే, ఆ కాగితం నింపడానికి పైనో కిందో మూడో వంతు కోసేస్తారు. పాత 3½, 5 సైజు ఫోటోను 4, 6 చెయ్యమన్నా ఒక పక్కన దాదాపు ఇరవయ్యో వంతు పోతుంది. ఇరవయ్యో వంతేగా అనిపిస్తుంది. వరసలో చివర నిలబడ్డ మనిషి చెయ్యి అంతే ఉంటుంది. ల్యాబువాళ్ళకు ఒక మాట చెప్పండి: కొయ్యొద్దు, తెల్ల అంచు మిగిలినా ఫరవాలేదు, ఫోటో అంతా రావాలి అని.

ఇంత పట్టింపు ఎందుకని కుర్రాళ్ళు అనుకోవచ్చు. మన జాతుల ఫోటోల చరిత్ర కొంచెం గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారిగా ఉన్న ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి సాయంతో 1909లో ఏడు సంపుటాలు వేశాడు, దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద. మనుషుల తలలూ ముక్కులూ కొలిచిన మనిషి ఆయన. మన గదబలు, పోర్జలు, ఖోండులు అందులో ఉన్నారు. ఆ పుస్తకాల్లో ఫోటోల కింద ఎక్కువగా తెగ పేరో కులం పేరో ఉంటుంది. ఆ మనిషికి తల్లీ తండ్రీ పెట్టిన పేరు ఉండదు. 1940ల్లో హైమెన్‌డార్ఫ్ వచ్చాడు. హైదరాబాదు రాజ్యంలో చెంచుల మీద, కొండరెడ్ల మీద, గోండుల మీద పుస్తకాలు రాశాడు. కొండరెడ్ల పుస్తకం 1945లో వచ్చింది. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని ఓరియంటల్, ఆఫ్రికన్ అధ్యయనాల కళాశాలలో భద్రంగా ఉన్నాయి. మంచిదే, నేను తప్పు పట్టను. ఆయన వల్లే కొన్ని రూపాలు మిగిలాయి. కానీ అవి బయటివాళ్ళు మనవైపు చూసి తీసినవి. మన ఇంటి ట్రంకుపెట్టెల్లో ఉన్నవి వేరు. ఇవి మనమే నిలబడి, మనమే డబ్బిచ్చి తీయించుకున్నవి. ఎవరి పక్కన ఎవరు నిలబడాలో మనమే నిర్ణయించుకున్నవి.

ఈ నగరంలో మన కుటుంబాల ఫోటోలు ఎప్పటి నుంచి ఉన్నాయో చూడండి. 1933లో ఓడరేవు తెరిచారు. 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూలు దాకా రైలు దారి వేశారు, అరకు మీదుగా, మన ఊళ్ళ మధ్య నుంచి. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఈ పనుల వెంట కొండ దిగినవాళ్ళు మొదటి జీతంతో చేసిన పనుల్లో ఒకటి, స్టూడియోకు వెళ్ళడం. వెనక గీసిన తెర ఉంటుంది, తాజ్‌మహలో, తోటో. పక్కన బల్ల మీద రేడియోనో, ప్లాస్టిక్ పూలో. తండ్రి బూట్లు వేసుకుని ఉంటాడు, తల్లి మాత్రం చెప్పులు లేకుండా. స్కానరు ఆ కాళ్ళు కోసేస్తే మిగిలేది మామూలు పట్నం ఫోటో. ఆ బూట్లూ ఆ వట్టికాళ్ళూ కనబడితే, ఆ సంవత్సరం ఆ ఇంట్లో ఏం మారిందో, ఏం మారలేదో తెలుస్తుంది. గదబ ముసలమ్మల ఫోటోలైతే మరీ. ముఖం వరకు కోసుకుంటే చెవుల రింగులు, మెడలో కడియాలు పోతాయి. నడుము కింద కోస్తే కెరంగు నారతో నేసిన గుడ్డ అంచు చారలు పోతాయి. ఆ గుడ్డ ఇప్పుడు ఎన్ని ఇళ్ళలో ఉంది? థింసా ఫోటోలో నాట్యం చేసేవాళ్ళు మధ్యలో ఉంటారు. మోరి, కిరిడి, తుడుము పట్టుకున్నవాళ్ళు ఎప్పుడూ ఓ పక్కకే ఉంటారు. అంచు కోస్తే వాద్యాలు లేని థింసా మిగులుతుంది.

ఇంకో మాట, ఇది కొంచెం బాధ కలిగించేది. మన ఇళ్ళలో గోడ మీద దండ వేసి ఉన్న తాతల ఫోటోలు చాలావరకు విడిగా తీయించుకున్నవి కావు. 1993 తర్వాత ఎన్నికల గుర్తింపు కార్డులు వచ్చేదాకా కొండల మీద చాలామందికి ఒంటరి ఫోటోనే లేదు. మనిషి పోయాక ఏ పెళ్ళి ఫోటోలోంచో తల ఒక్కటి కోసి, పెద్దది చేయించి, ఎప్పుడూ తొడుక్కోని కోటు కూడా స్టూడియోవాడి చేత తొడిగించి గోడకు పెట్టారు. అందుకు ఎవరినీ అనలేం. కానీ ఆ పెళ్ళి ఫోటో ఎక్కడో ఉండే ఉంటుంది. దయచేసి దాన్ని వెతకండి. సావనీరుకు కోటు ఫోటో వద్దు, ఆ పెళ్ళి ఫోటో మొత్తం పంపండి. పేజీలో సైజుకు తగ్గట్టు కొయ్యాల్సి వస్తే మేము నకలు మీద కోస్తాం, అసలు స్కాన్ అలాగే ఉంచుతాం. మీరూ ఇంట్లో అదే చెయ్యండి. మొదటి ఫైలును ముట్టుకోకుండా దాచి, కోత ఏదైనా ఇంకో కాపీ మీదే.

వెనకవైపు కూడా స్కాన్ చెయ్యండి. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో చిన్నప్పుడు రాసిన నాలుగు అక్షరాలు, అన్నీ అక్కడే. ఫైలు పేరు 'ఐఎంజీ 0042' అని వదలకుండా ఊరు, ఇంటిపేరు, సంవత్సరం తెలిస్తే సంవత్సరం పెట్టండి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పెద్దవాళ్ళ చేత చెప్పించి ఫోనులో రికార్డు చేసి పంపినా చాలు, మేము రాసుకుంటాం. మీ భాషలో చెప్పినా సరే, ఒడియాలో చెప్పినా సరే.

ఫ్రేములో ఉన్న ఫోటోల గురించి చెప్పి ముగిస్తాను, ఇది ముఖ్యం. ఈ ఊరిది సముద్రపు గాలి. తేమకు ఫోటో పైపూత మెత్తబడి అద్దానికి అంటుకుపోతుంది. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. లాగొద్దు. అద్దంతో సహా స్కాన్ చెయ్యొచ్చా అంటే, మిషనును బట్టి. పల్చగా, తేలిగ్గా, యూఎస్‌బీ తీగతోనే నడిచే స్కానర్లలో చాలావాటికి చూపు అద్దం మీద ఆనుకున్నదాని దాకానే ఉంటుంది. మధ్యలో ఫ్రేము అద్దం మందం అడ్డొస్తే మసకగా వస్తుంది. లోపల లెన్సు, అద్దాలు ఉన్న పాతకాలపు బరువైన స్కానరైతే ఆ మాత్రం ఎడం తట్టుకుంటుంది. అది లేకపోతే కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట ఫ్రేమును నిలబెట్టి, ఫోనుతో తిన్నగా ఫోటో తియ్యండి. కాగితాలు స్కాన్ చేసే యాప్‌తో మాత్రం వద్దు. అది వెనకంతా తెల్లచేసి ముఖాలకు సున్నం కొట్టినట్టు చేస్తుంది. కాగితాలు తనే లోపలికి లాక్కునే పెద్ద మిషన్లలో పాత ఫోటో ఎప్పుడూ పెట్టకండి, విరిగిపోతుంది. పాత ఊరి వైపు, గాజువాక వైపు ఉన్నవాళ్ళు ప్రతి ఫోటోకు ముందు స్కానరు అద్దం మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. మన గాలిలో ఉండే నల్లదుమ్ము ఒక్క రేణువు 600 దగ్గర ముఖం మీద పుట్టుమచ్చ అంత కనబడుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది చుక్కల్ని తగ్గించేస్తుంది, మీరు పడ్డ కష్టమంతా పోతుంది. డాక్యుమెంటుగా పంపండి.

ఇంట్లో స్కానరు లేనివాళ్ళు, ఉన్నా కుదరనివాళ్ళు దిగులు పడొద్దు. భోజనాలు అయ్యాక ఆ మూల బల్ల దగ్గర నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ ఉంటాం. స్కానరు తెచ్చాం, నల్ల చార్టు ఉంది, స్కేలు ఉంది. ఫ్రేములు విప్పకుండా తీసుకురండి, మీ కళ్ళ ముందే చేసి మీ చేతికే ఇచ్చేస్తాం. ఆ థింసా ఫోటో మేనత్తగారు కూడా పొద్దున బస్సుకు వచ్చారు. వరసలో మిగతా తొమ్మిదిమంది పేర్లు ఆవిడకే తెలుసు, ముందు ఆవిడ దగ్గర కూర్చుని అవి రాసుకోవాలి.

సెలవు. జై ఆదివాసీ.